నాకంటే ముందు మామయ్యకే తెలిసింది

మా మామయ్య పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం పొలం నుంచి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని "అమ్మాయ్, కాసిని మంచినీళ్లు" అన్నారు. నేను చెంబు తెచ్చేసరికి కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని ఉన్నారు. అలిసిపోయి కునుకు తీస్తున్నారనుకున్నాను. పిలిచాను. మళ్లీ పిలిచాను. భుజం పట్టుకుని కదిపినప్పుడు గానీ తెలియలేదు.

డెబ్భై దాటిన మనిషి, మంచాన పడకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా పోయాడు, అదృష్టవంతుడు అన్నారు వచ్చినవాళ్లంతా. ఆ అదృష్టం ఆయనది కావచ్చు. చేయించుకుంటే బాగుండేదని నాకుంది. ఆయన నాకు చేసిన దాంట్లో కొంతైనా తిరిగి చేసే అవకాశం దక్కేది.

మాది శావల్యాపురం దగ్గర ఒక పల్లె. మిరప, పత్తి వేసే కుటుంబం. గురజాల వైపు నుంచి నేను కోడలిగా వచ్చేనాటికే మా అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. మా అమ్మ కూడా నేను ఇంటర్ చదువుతుండగా పోయింది. మా ఆయనకు వరికోత మిషను ఉంది. కోతల కాలం వచ్చిందంటే మిషను తీసుకుని కృష్ణ దాటి మిర్యాలగూడ వైపు వెళ్తారు, వారాల తరబడి అటే ఉంటారు. అప్పుడు ఇంట్లో మిగిలేది నేనూ, మామయ్యా, ఒక గేదే.

గేదె సంగతి ఎందుకంటే, కొత్తలో మామయ్య నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. కొత్త కోడలితో ముఖాముఖి ఏం మాట్లాడతామని మొహమాటం. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గేదెతో చెప్పేవారు. "ఏమే, ఇయ్యాల ఎండ చానా ఉంది, బయటికి పోమాక" అని కొట్టంలోంచి గట్టిగా వినపడేది. గేదెకు గొలుసు కట్టి ఉండేది, అదెక్కడికి పోతుంది? ఆ మాట నాకేనని వంటింట్లో నవ్వుకునేదాన్ని. ఊళ్లో మాత్రం ఆయన నోరంటే అందరికీ భయం. మొహం మీదే అనేసే మనిషి. ఇంట్లోకి వచ్చేటప్పుడు మాత్రం గేటు దగ్గరే ఒకసారి దగ్గి, నేను సర్దుకునేందుకు కాస్త ఆగి, అప్పుడు వచ్చేవారు. ఆ దగ్గు కోసం ఇప్పటికీ చెవులు రిక్కిస్తూనే ఉన్నాను.

పెళ్లైన రెండో ఏడు, ఎండలు ముదురుతున్న రోజులు. మిర్చి ధర కోసం చూస్తూ బస్తాలన్నీ ముందు గదిలో వేసి ఉన్నాయి. మా ఆయన మిషనుతో వెళ్లి ఉన్నారు. నాకు ఒంట్లో ఏదో తేడాగా ఉంది. పొద్దున లేవగానే కడుపులో తిప్పేది. టీ అంటే ప్రాణం పెట్టేదాన్ని, ఆ టీ వాసనకే వాంతి వచ్చేది. పోపు వేస్తే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేదాన్ని. మధ్యాహ్నం కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చేది. ఊరికే ఏడుపొచ్చేది. గోడ మీద కాకి అరిచినా ఏడుపే.

నెల తప్పిందా అంటే, నాకు పెళ్లికి ముందు నుంచీ ఎప్పుడూ లెక్క ప్రకారం వచ్చేది కాదు. పైగా మధ్యలో ఒకసారి కొద్దిగా కనపడింది. ఒక్క పూట మరకలాగా కనపడి ఆగిపోయింది. అదే నెలసరి అనుకున్నాను. మొదట్లో కొందరికి అలా కనపడుతుందని తర్వాత డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. ఇలాంటివి చెప్పడానికి ఇంట్లో ఆడమనిషి ఉండాలి. లేదంటే అడగడానికి మనకు నోరు రావాలి. నాకు ఆ రెండూ లేవు.

ఆ వేసవిలో ఊళ్లో కామెర్లు తిరుగుతున్నాయి. పక్కింటి కోటమ్మ పిన్ని మజ్జిగ కోసం వచ్చి, గుమ్మంలో నీరసంగా కూలబడి ఉన్న నన్ను చూసి, రెప్ప కిందికి లాగి చూసింది.

"ఓరి నాయనో, కళ్లు పచ్చగా ఉన్నయ్యే! అన్నం సయించట్లా, వాంతులు, నీరసం... కామెర్లే ఇయి. పొద్దున్నే పరగడుపున పసరు తాగితే మూడు పూటల్లో దిగుద్ది. మా కోడలికి అట్నే తగ్గింది. రేప్పొద్దున తీసకపోతా."

నాకూ అదే నిజమనిపించింది. అద్దంలో చూసుకుంటే కళ్లు పచ్చగానే కనిపించాయి. భయపడి చూస్తే ఏ రంగైనా కనిపిస్తుంది.

కొట్టంలో గడ్డి వేస్తున్న మామయ్య ఈ మాటలన్నీ విన్నట్టున్నారు. బయటికి వచ్చి, నావైపు చూడకుండా, పిన్నితో అన్నారు. "పసరు వద్దులే కోటమ్మా."

"ఏంది వద్దు? పిల్ల ఎట్టా పీక్కపోయిందో చూశావా?"

"చూశా. చూశాకే చెప్తన్నా. పురుగేందో తెలియకుండా మందు కొట్టకూడదు."

"ఇదేమన్నా మిరప తోటా బావా? కోడలికి మందిప్పించకుండా చంపుకుంటావా?"

ఆయనకు కోపం రావాలి. వస్తుందని నేను భయపడ్డాను. కానీ ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "రేపు ఒక్కరోజు ఆగు. అప్పటికీ అదే అయితే నేనే తీసకపోతా" అని మెల్లగా అన్నారు. అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. పిన్ని కూడా వినలేదేమో, మజ్జిగ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆయన చొక్కా వేసుకుని శావల్యాపురం వెళ్లొచ్చారు. గేటు దగ్గర దగ్గారు. లోపలికి వచ్చి, న్యూస్ పేపర్లో చుట్టిన చిన్న పొట్లం ఫ్రిజ్ మీద పెట్టారు. పెట్టి వెంటనే గుమ్మం వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఆ మందుల షాపాయన ఇచ్చాడు. పొద్దున్నే చూసుకోవాలంట. ఎట్ట చూడాలో లోపల కాగితం మీద ఉందంట. నువ్వు చదువుకున్నదానివి."

నేను పొట్లం విప్పి చూసేసరికి ఆయన వీధిలోకి వెళ్లిపోయారు. నెల తప్పిందో లేదో చూసుకునే కిట్టు అది. ఆ షాపు ముందు ఎప్పుడూ నలుగురు మగాళ్లు ఉంటారు, అందరూ ఆయనకు తెలిసినవాళ్లే. వాళ్ల మధ్యన నిలబడి, ఆ వయసులో, ఆ నోటితో ఏమని అడిగారో! చాలా ఏళ్ల తర్వాత ధైర్యం చేసి అడిగితే నవ్వారు. "ఏమని అడుగుతా? 'ఆడపిల్లలు చూసుకునేది ఇవ్వవయ్యా' అన్నా. వాడు గాజులు అమ్మే కొట్టు ఆ పక్కన అన్నాడు."

తెల్లారి చూసుకున్నాను. రెండు గీతలు వచ్చాయి. బాత్రూములోనే కింద కూర్చుండిపోయాను. సంతోషమో భయమో తెలియలేదు. అమ్మ గుర్తొచ్చింది. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, మిషను హోరులో వినపడి ఉండదు. ఆ మాట చెప్పుకోవడానికి ఆ క్షణంలో నాకున్నది ఒక్క మనిషే. మామగారికి కోడలు నోటితో చెప్పే మాటా అది? బయటికి వచ్చాను. ఆయన అరుగు మీద కూర్చుని, వెలిగించని చుట్ట వేళ్ల మధ్య తిప్పుతున్నారు.

"మామయ్యా, పసరు అక్కర్లేదు" అన్నాను.

"ఊ" అన్నారు. అంతే. అటు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం చూశాను.

ఆయన నాతో నేరుగా, గేదె సాయం లేకుండా, ఎక్కువసేపు మాట్లాడింది ఆ ఉదయమే. అప్పటికీ గోడకేసే చూస్తూ చెప్పారు.

"మీ అత్త మొదటిసారి నీలాగే ఉంది. ఇట్టాగే వాంతులు, ఇట్టాగే కూచున్నకాడే నిద్ర. కామెర్లన్నారు. నేనే బండి కట్టి తీసకపోయి పసరు పోయించా. తర్వాత కడుపు పోయింది. పోయినాకే తెలిసింది అది కామెర్లు కాదని. మందుకే పోయిందో, పోయేదే పోయిందో నాకు తెలవదమ్మా. డాక్టరు గూడా చెప్పలేనన్నాడు. కానీ ఆమె మాత్రం ఉన్నన్నాళ్లూ దాన్ని తలుచుకుంటానే ఉంది. మీ ఆయన పుట్టినాక కూడా." చుట్ట అరుగు మీద పెట్టి, "ఒళ్లు అబద్ధం చెప్పదు. మనకే ఇనడం రాదు" అన్నారు.

అందుకేనన్నమాట, నేను టీ తాగడం మానేసిన రోజు నుంచీ ఆయన గమనిస్తూనే ఉన్నారు. నాకు నా ఒంటి గురించి తెలియకముందే, గోడ అవతల నుంచి ఒక మనిషి భయపడుతూ, ఆశపడుతూ, పైకి చెప్పలేక తిరుగుతూ ఉన్నాడు.

ఆ రోజే ముందు గదిలో మిర్చి బస్తాలన్నీ కొట్టంలోకి మోయించారు. వాటి ఘాటుకు నాకు పొలమారి వాంతులవుతున్నాయని ఎవరూ ఆయనకు చెప్పలేదు. గదంతా నీళ్లతో కడిగించారు. చుట్ట కాల్చాలంటే కాలవ గట్టుకు పోయేవారు. తిరిగి వచ్చేటప్పుడు నోట్లో సోంపు నములుతూ వచ్చేవారు. ఆ చుట్టా సోంపూ కలిసిన వాసన నిజానికి ఇంకా ఘోరంగా ఉండేది. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

నరసరావుపేటలో డాక్టరమ్మకు చూపించుకుని వచ్చాక వంట కూడా ఆయనే మొదలుపెట్టారు. అత్తయ్య పోయాక కొడుకును పెంచుకున్న మనిషి కాబట్టి వంట వచ్చు. పోపు వేయని వంటలు మాత్రం ఆయనకు కొత్త. పెరుగన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప, తాలింపు లేని పప్పు. తిరగమోత వేయని పచ్చడి తను తింటూ మొహం అదోలా పెట్టి, "బాగానే ఉంది" అనేవారు. పొద్దున లేవగానే వాంతి రాకుండా ఉండాలంటే మంచం మీద ఉండగానే పొడిగా ఉండేవి ఏవైనా నమలాలని ఎక్కడో తెలుసుకొచ్చారు. ఎవరు చెప్పారు మామయ్యా అంటే, "బస్సులో ఎవరో ఆడాళ్లు అనుకుంటంటే ఇన్నా" అన్నారు. ఆ ఆడవాళ్లు వాళ్లలో వాళ్లు అనుకుంటున్నారా, ఈయనే కదిలించి అడిగారా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. అప్పటి నుంచి రోజూ నా గది కిటికీలో బయటి వైపు నుంచి ఒక గిన్నె వచ్చేది. ఒకరోజు రస్కులు, ఒకరోజు వేయించిన అటుకులు, ఒకరోజు పుట్నాలు. గిన్నె పెట్టి, కిటికీ చువ్వ మీద వేలితో టక్కుమని కొట్టి వెళ్లిపోయేవారు.

ఒక్కసారే ఎక్కువ తినలేకపోతే, కొంచెం కొంచెంగా చాలాసార్లు తినమనేవారు. "మొక్కకు నీళ్లు ఒకేసారి పెడితే కుళ్లుద్ది" అనేవారు. పోలిక మిరప తోట దాటి పోయేది కాదు. డాక్టరమ్మ ఇచ్చిన ఫోలిక్ బిళ్ల సంగతి మాత్రం మళ్లీ గేదె ద్వారానే. "ఏమే, పసుపు బిళ్ల ఏసుకున్నావా?" అని కొట్టంలోంచి అరిచేవారు. "వేసుకుంది మామయ్యా" అని నేను వంటింట్లోంచి చెప్పేదాన్ని.

మూడో నెల రాబోతుండగా ఒక మధ్యాహ్నం పొత్తికడుపులో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని పడుకున్నాను. కాసేపటికి లేచి చూసుకుంటే రక్తం. ఈసారి మరకలాగా లేదు. ఆయన వాకిట్లోనే మంచం నవారు బిగిస్తున్నారు. పిలవాలి. ఏమని పిలవాలి? మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అమ్మాయ్" అని వాకిట్లోంచి పిలిచారు. నేను పలకలేదు. రెండోసారి పిలవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తిన చప్పుడు వినిపించింది. "కోటమ్మా, మా ఇంట్లోకి పోయి చూడు. పిల్ల పలకట్లా. నేను పోయి ఆటో తెస్తా."

పిన్ని వచ్చి, నన్ను చూడగానే సంగతి పట్టేసింది. బట్ట మార్పించి, గట్టిగా పట్టుకుంది. పసరు దగ్గర అలిగి అన్నాళ్లూ మా గడప తొక్కని మనిషి, ఆటోలో దారి పొడవునా నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మామయ్య డ్రైవరు పక్కన సీటు అంచున కూర్చున్నారు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే నా మొహం చూడాల్సి వస్తుందని.

ఆస్పత్రిలో నర్సు అడిగింది. "అమ్మాయి తరఫున ఎవరొచ్చారు? అత్తగారేరీ?"

"లేదు. నేనే" అన్నారు మామయ్య.

స్కానింగ్ గది తలుపుకు తెర ఒక్కటే ఉంది. పిన్నిని కూడా బయటే ఉండమన్నారు. నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. డాక్టరమ్మ నా పొట్ట మీద స్కానింగ్ మిషను అటూ ఇటూ జరుపుతోంది. నాకు ఆ క్షణంలో నేనెన్నడూ చూడని అత్తయ్య గుర్తొచ్చింది. ఆమెకు ఇలా చూసి చెప్పేవాళ్లు కూడా లేకపోయారు కదా అనుకున్నాను. అప్పుడు ఆ మిషనులోంచి చప్పుడు మొదలైంది. వేగంగా, ఆగకుండా.

"ఇదుగో గుండె. బాగానే కొట్టుకుంటోంది" అంది డాక్టరమ్మ. "రక్తం కనపడగానే వచ్చారు, మంచిపని చేశారు. కొందరు ఇంట్లోనే చూస్తూ కూర్చుంటారు. కొన్నాళ్లు బరువులెత్తకుండా, కుదుపులు లేకుండా విశ్రాంతిగా ఉండు."

తెర అవతల నుంచి మామయ్య గొంతు వినిపించింది, పిన్నితో అంటున్నారు. "ఇన్నావా కోటమ్మా? అవతల చేలో ఆయిలింజను ఆడతన్నట్టు లా?" ఆ తర్వాత పిన్ని ఏడుపు వినిపించింది. ఆయనది వినపడలేదు.

ఆ చప్పుడు ఇప్పుడు మూడో తరగతి చదువుతోంది. తాతలాగే మొహం మీద అనేస్తుంది. తాత పోయిన రోజు ఎవరో "తాత దేవుడి దగ్గరికి పోయాడమ్మా" అంటే, "చెప్పకుండా ఎట్టా పోతాడు?" అని గట్టిగా అడిగింది. నేను అడగలేని మాట అదే.

ఇంకో సంగతి ఉంది. మామయ్య పెద్దకర్మ అయిన వారానికి టీ పెట్టుకుని, గ్లాసు నోటి దాకా తెచ్చి, దించేశాను. ఈసారి కామెర్లనుకోలేదు. నాకు నేనే కిట్టు తెప్పించుకుని చూసుకున్నాను. మా ఆయన ఇంట్లోనే ఉన్నారు, చెప్పగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కోటమ్మ పిన్నికి తెలిసి, ముసలి చేతులతో నా మొహం పట్టుకుని, "మీ మామే వస్తన్నాడే. ఎక్కడికి పోతాడు? నిన్ను వదిలి ఉండలేక నీ కడుపునే పడ్డాడు" అంది. ఊళ్లో అందరూ ఇదే మాట. మా ఆయనకు కూడా లోపల ఆ ఆశ ఉన్నట్టుంది. వాళ్ల నమ్మకాన్ని నేను కాదనను. ఓదార్పుకు చెప్పే మాట అని తెలుసు.

కానీ నాకు ఆయన బిడ్డగా వద్దు. పుట్టే బిడ్డ ఎవరైనా సరే, తనలాగే పుట్టాలి, తనలాగే పెరగాలి. ఎవరి బాకీనీ మోసుకుని రానక్కర్లేదు. నాకు మామయ్య మామయ్యగానే కావాలి. గోడకేసి చూస్తూ మాట్లాడే మామయ్య. ఇప్పుడు ఇంట్లో అన్నీ ఉన్నాయి. మా ఆయన ఫోన్‌లో చూసి ఏవేవో పళ్లు తెస్తున్నారు, డాక్టరమ్మ నంబరు గోడ మీద ఉంది, పిన్ని రోజూ వచ్చి పోతోంది. నేను చెప్పకుండానే తెలుసుకునే మనిషి మాత్రం లేరు. ఎవరికైనా ఇప్పుడు నేను నోరు తెరిచి చెప్పాలి. చెప్పడం నేర్చుకుంటున్నాను.

పొద్దున్నే తిప్పడం మొదలైనప్పుడు మంచం మీద కళ్లు మూసుకుంటాను. ప్రతిసారీ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన ఆ సాయంత్రమే కనిపిస్తుంది.

మెయిన్ రోడ్డు దాకా బాగానే వచ్చాం. మా ఊరికి తిరిగే దారి మాత్రం నీళ్ల పైపుల కోసం తవ్వేశారు. అంతా గుంతలు, రాళ్లు, ట్రాక్టర్లు వెళ్లిన గాడులు. కుదుపులు వద్దన్నారని డ్రైవరుకు చెప్పి, నెమ్మదిగా పోనిమ్మన్నారు మామయ్య. మొదటి గుంతలో చక్రం పడగానే నేను మూలిగాను. "ఆపు" అన్నారు. దిగారు. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టారు. "నేను ముందు నడుస్తా. నా అడుగుల మీదే రా" అని డ్రైవరుతో చెప్పి ముందుకు నడిచారు.

ఆయన చెప్పులు ఊళ్లోనే ఉండిపోయాయి. కాలితో రాళ్లు పక్కకు నెడుతూ, పెద్దవైతే వంగి తీసి పొదల్లోకి విసురుతూ, గట్టి నేల ఎక్కడుందో పాదంతో తొక్కి చూస్తూ నడుస్తున్నారు. ఆటో మొదటి గేరులో వెనకాలే మెల్లగా వస్తోంది. చేల నుంచి తిరిగొస్తున్న జనం ఆగి, "ఏంది పెద్దాయనా, ఏమైంది?" అని అడుగుతున్నారు. ఆయన చూపు నేల మీదే ఉంది. పిన్ని ఒళ్లో తల పెట్టుకుని, ముందు అద్దంలోంచి నేను చూస్తున్నాను. పొద్దు వాలుతోంది. దుమ్ములో ఆయన వీపు ఒక్కటే కనిపిస్తోంది, చెమటకు చొక్కా అతుక్కుపోయి. గుంత వచ్చినప్పుడల్లా వెనక్కి తిరగకుండానే కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి మెల్లగా కిందికి దించుతున్నారు, నిదానం, నిదానం అని.